లెక్కకు రాని ప్రయాణికుడు

ఆధునిక ప్రపంచంలో అంకెకు ఉన్నంత గౌరవం మరి దేనికీ లేదనడం అతిశయోక్తి కాదు. ప్రభుత్వాలు అంకెలను చూసి నిధులు కేటాయిస్తాయి. సంస్థలు అంకెలను చూసి శాఖలు తెరుస్తాయి. అంకెలను చూసే వాటిని మూసివేస్తాయి. అంకె పక్షపాతం ఎరుగదని, అంకె అబద్ధమాడదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. అంకె అబద్ధమాడకపోవచ్చు. కాని అది అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. అడగని ప్రశ్న విషయమై మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని "లేదు" అనే జవాబుగా మనం స్వీకరించడంలోనే ప్రమాదం పొంచి ఉన్నది. ఈ విషయాన్ని ఇంగ్లండు దేశంలోని ఒక మహానగర ప్రాంతపు రైల్వే స్టేషన్ల ఉదాహరణతో విద్యార్థుల ముందు, కళాశాల పాలక సంఘం పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చెప్పబోయేది మాంచెస్టరు నగరాన్ని, దాని పరిసరాలను గురించి. ఆ పేరు మన తాతల కాలం నుండి తెలుగువారికి సుపరిచితమే. విదేశీ మిల్లు బట్టను నిప్పులలో వేసి రాట్నం చేపట్టిన తరం మనకు ముందున్నది. ఆ మిల్లు బట్టకు మారుపేరుగా నిలిచిన నగరమే మాంచెస్టరు. నేను ఆ నగరాన్ని కన్నులారా చూసినవాడను కాను. పుస్తకాల ద్వారా, ఆ దేశపు ప్రభుత్వ నివేదికల ద్వారా మాత్రమే ఎరుగుదును. అయినా రైలు ప్రయాణాన్ని గురించి, ప్రయాణికుల లెక్కలను గురించి ఆలోచించదలచిన వారికి అంతకన్న తగిన ఊరు మరొకటి లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ప్రయాణికుల రైలు కథ చాలా వరకు మొదలైనది అక్కడే.

1830వ సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన లివర్‌పూల్, మాంచెస్టరు నగరాల మధ్య రైలు మార్గం ప్రారంభమైంది. రెండు నగరాల మధ్య ఆవిరి యంత్రాల బలంతో, నిర్ణీత వేళలకు ప్రయాణికులను చేరవేసిన తొలి మార్గంగా దానిని చరిత్రకారులు పేర్కొంటారు. ఆ మార్గానికి పెట్టుబడి పెట్టినవారు ప్రధానంగా ఆశించింది ప్రయాణికులను కాదు; సరుకులను. లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి బేళ్ళు మాంచెస్టరు మిల్లులకు చేరాలి, మిల్లులలో నేసిన బట్ట తిరిగి ఓడల కెక్కాలి. అదీ వారి లెక్క. ప్రారంభోత్సవం నాడే విలియం హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు రైలింజను కింద పడి మరణించాడు కూడా. అయినా జనం వెనుకాడలేదు. తొలి సంవత్సరాలలో ఆ కంపెనీకి సరుకుల మీద కంటె ప్రయాణికుల మీదనే ఎక్కువ రాబడి వచ్చింది.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటున్నది. 1829లో ఎవరైనా ఒక అధికారి ఆ రెండు నగరాల మధ్య రైలెక్కేవారు ఎందరని లెక్క తీసి ఉంటే ఆ లెక్క సున్న అయి ఉండేది. రైలే లేనప్పుడు రైలెక్కేవారు ఎక్కడ నుండి వస్తారు? బండి వచ్చిన తరువాతనే ప్రయాణికుడు బయటపడ్డాడు. అతనిలోని ప్రయాణ కాంక్ష మాత్రం అంతకు ముందు నుండీ ఉన్నదే.

ఆ మార్గపు మాంచెస్టరు చివరనున్న లివర్‌పూల్ రోడ్డు స్టేషను భవనం నేటికీ చెక్కుచెదరక నిలిచి ఉంది. 1844లో విక్టోరియా స్టేషను తెరువబడిన తరువాత అక్కడ ప్రయాణికుల రాకపోకలు ఆగిపోయి, 1975 వరకు సరుకుల స్టేషనుగా మిగిలింది. తరువాత శాస్త్ర పారిశ్రామిక ప్రదర్శనశాలలో భాగమైంది.

అదే 1844వ సంవత్సరంలో బ్రిటిషు పార్లమెంటు ఒక మంచి చట్టం చేసింది. ఆ రోజులలో పేద ప్రయాణికులను పైకప్పు లేని బండ్లలో, ఎండకు వానకు వదలి, సరుకుల వలె తరలించేవారు. ఆ దుస్థితిని తొలగించడానికి, కొత్త రైలు కంపెనీలు రోజుకు కనీసం ఒక్క బండినైనా రెండు దిశలలోనూ, ప్రతి స్టేషనులో ఆగుతూ, మైలుకు ఒక పెన్నీకి మించని ఛార్జీతో నడపాలని ఆ చట్టం ఆదేశించింది. కూర్చునేందుకు బల్లలుండాలి, వాన తడపకుండా కప్పుండాలి, గంటకు సరాసరి 12 మైళ్ళకు తక్కువ కాని వేగముండాలి. పార్లమెంటు ఆజ్ఞ మేరకు నడిచే బండి కనుక జనం దానిని "పార్లమెంటు రైలు" అని పిలిచారు. కూలివాడికి కూడా గౌరవంగా ప్రయాణించే హక్కు ఉన్నదని చాటిన పేరది. కాలక్రమంలో ఆ పేరుకు ఎంతటి దుర్గతి పట్టిందో తరువాత చూడగలరు.

ఇక నేటి పరిస్థితికి వద్దాం. మాంచెస్టరు, సాల్ఫర్డ్, బోల్టన్, బరీ, ఓల్డం, రోచ్‌డేల్, స్టాక్‌పోర్ట్, టేంసైడ్, ట్రాఫర్డ్, విగన్ అనే పది పురపాలక ప్రాంతాలు కలసి "గ్రేటర్ మాంచెస్టరు" అనే మహానగర ప్రాంతంగా 1974లో ఏర్పడ్డాయి. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 28 లక్షలకు పైగా. ఆ ప్రాంతంలో రైల్వే స్టేషన్లు తొంభైకి పైగా ఉన్నాయి. రైళ్ళను, రోడ్లను పర్యవేక్షించే ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఒకటి ప్రతి సంవత్సరం ఏప్రిల్ నుండి మార్చి వరకు ఏ స్టేషనును ఎందరు ఉపయోగించారో అంచనా వేసి ప్రకటిస్తుంది. అది పరీక్షా ఫలితాల పట్టిక వంటిది. మొదటి స్థానం ఎవరిది, చివరి స్థానం ఎవరిది అని పత్రికలు ఉత్సాహంగా ప్రచురిస్తాయి.

ఆ పట్టికలో ఈ ప్రాంతానికి సంబంధించి తలమానికం పికడిల్లీ స్టేషను. కరోనా విజృంభణకు ముందు అక్కడ ఏడాదికి మూడు కోట్లకు పైగా రాకపోకలు నమోదయ్యేవి. ఆ పట్టికలోనే అట్టడుగున మరో పేరున్నది: డెంటన్. 2023-24 సంవత్సరంలో యావత్ బ్రిటన్‌లోను అతి తక్కువగా వినియోగింపబడిన స్టేషను అదే. సంవత్సరం మొత్తానికి నమోదైన రాకపోకలు 54. వేలు కాదు, వందలు కాదు. అక్షరాలా యాభై నాలుగు. ఈ లెక్కలో స్టేషనులోనికి పోవడం ఒకటి, బయటకు రావడం ఒకటి. ఒకే మనిషి వెళ్ళి తిరిగి వస్తే రెండుగా లెక్క.

పట్టిక చూసినవాడు ఏమనుకుంటాడు? డెంటన్ ఏదో కొండల నడుమ నాలుగు ఇళ్ళున్న పల్లె అయి ఉంటుందని అనుకుంటాడు. వాస్తవమేమంటే డెంటన్ ముప్పై వేలకు పైబడిన జనాభా గల పట్టణం. ఒకప్పుడు టోపీల తయారీకి ప్రసిద్ధి. మాంచెస్టరు నడిబొడ్డుకు దాదాపు 5 మైళ్ళ దూరం. రెండు పెద్ద మోటారు రహదారులు కలిసే కూడలి ఆ స్టేషనుకు సమీపంలోనే ఉన్నది. అనగా అక్కడి జనం కదలకుండా ఇళ్ళలో కూర్చున్నవారు కారు. ప్రతినిత్యం వేల సంఖ్యలో ప్రయాణిస్తున్నవారే. మరి రైలు ఎందుకు ఎక్కరు?

జవాబు చాలా సులభం. రైలు లేదు కనుక. ఆ 54 రాకపోకలు నమోదైన సంవత్సరంలో డెంటన్‌లో ఆగిన బండి వారానికి ఒక్కరోజు, శనివారం ఉదయం, అటు ఒకటి, ఇటు ఒకటి మాత్రమే. అంతకు ముందు అనేక సంవత్సరాలు వారానికి ఒక్క శుక్రవారం నాడు ఒకే దిశలో నడిచిన బండి అది. పోయినవాడు తిరిగి రావడానికి రైలే లేదు! శనివారం ఉదయం ఒకే ఒక్క బండి ఆగే స్టేషనును పట్టుకొని ఏ ఉద్యోగి కచేరీకి పోగలడు? ఏ విద్యార్థి కళాశాలకు పోగలడు? ఏ రోగి వైద్యశాలకు పోగలడు?

ఈ స్థితి ఎట్లా దాపురించిందో తెలుసుకోవడం అవసరం. డెంటన్ స్టేషను స్టాక్‌పోర్ట్, స్టేలీబ్రిడ్జ్ పట్టణాలను కలిపే చిన్న మార్గంలో ఉన్నది. పర్వతశ్రేణికి ఆవలి యార్క్‌షైర్ నుండి వచ్చే రైళ్ళు విక్టోరియా స్టేషనుకు పోతున్న రోజులలో, దక్షిణాదికి పోదలచిన వారు స్టేలీబ్రిడ్జ్‌లో దిగి, ఈ చిన్న మార్గం మీదుగా స్టాక్‌పోర్ట్ చేరుకొనేవారు. 1980ల చివర ఆ దూరప్రయాణపు రైళ్ళను పికడిల్లీకి మళ్ళించారు. పికడిల్లీలోనే దక్షిణాది రైళ్ళు దొరకడంతో ఈ మార్గపు అవసరం తీరిపోయిందని అధికారులు భావించారు. దారి మధ్యలోని డెంటన్ వారి అవసరం ఆ లెక్కలోకి రాలేదు. బండ్లు తగ్గాయి, తగ్గి తగ్గి వారానికి ఒకటైనాయి.

పూర్తిగా ఎందుకు మూసివేయలేదని మీరు అడుగవచ్చు. బ్రిటన్‌లో ఒక స్టేషనును మూసివేయాలంటే చట్టం ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి, అభ్యంతరాలు వినాలి, కారణాలు చూపాలి. అది శ్రమతో, వ్యయంతో కూడిన పని. వారానికి ఒక్క బండి నడిపితే స్టేషను బతికి ఉన్నట్లే లెక్క. ఈ తతంగమంతా తప్పుతుంది. ఇట్లా పేరుకు నడిచే బండినే నేడు అక్కడి జనం "పార్లమెంటు రైలు" అంటున్నారు. 1844లో పేదవాడికి ప్రయాణ సౌకర్యం కల్పించడానికి పుట్టిన పేరు, సౌకర్యం లేకపోవడాన్ని కప్పిపుచ్చే బండికి అంటుకున్నది. మాటలు కూడా మనుషుల వలె దిగజారతాయనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

ఆ ఊరివారు ఊరకుండలేదన్న సంగతి కూడా చెప్పాలి. డెంటన్ స్టేషను మిత్రులు కొందరు సంఘంగా ఏర్పడి, మొక్కలు నాటి, ప్లాట్‌ఫారాన్ని శుభ్రం చేసి, మరిన్ని బండ్లు కావాలని విజ్ఞప్తులు చేస్తూ వచ్చారు. అడగనిదే అమ్మైనా పెట్టదు అంటారు. వారు అడుగుతూనే ఉన్నారు. ఎదుటి పక్షం వారి చేతిలో మాత్రం ఆ పట్టిక ఉన్నది: "మీ స్టేషనుకు 54 మాత్రమే కదా!"

ఇంతకూ ఈ లెక్క తీసే పద్ధతి ఏమిటో చూద్దాం. స్టేషను ద్వారం వద్ద నిలబడి ఒక్కొక్కరినీ లెక్కించే మనిషి ఎవరూ లేరు. ప్రధానంగా అమ్ముడైన టిక్కెట్లను బట్టి అంచనా వేస్తారు. నెలవారీ, వార్షిక టిక్కెట్లు కొన్నవారు ఎన్నిసార్లు ప్రయాణించి ఉంటారో ఊహిస్తారు. మాంచెస్టరు నడిబొడ్డున పికడిల్లీ, విక్టోరియా, ఆక్స్‌ఫర్డ్ రోడ్డు, డీన్స్‌గేట్ అనే నాలుగు స్టేషన్లకు కలిపి ఒకే పేరుతో టిక్కెట్టు ఇస్తారు. ఆ టిక్కెట్టు కొన్నవాడు ఏ స్టేషనులో దిగాడో టిక్కెట్టు చెప్పదు. ప్రాంతమంతటా చెల్లే దినసరి టిక్కెట్ల సంగతి సరేసరి. వీటన్నిటినీ సర్వేల సాయంతో పంచి అంకెలు ఖరారు చేస్తారు. ఒక బండి దిగి మరో బండి ఎక్కేవారిని రాకపోకలలో చేర్చరు. వేరే వరుసలో చూపుతారు. ఇవి కాకి లెక్కలని నేను అనడం లేదు. ఆ సంస్థవారు తమ పద్ధతిని, దాని లోపాలను దాచక ప్రకటిస్తున్నారు. ఇవి అంచనాలని స్పష్టంగా పేర్కొంటున్నారు. దోషం లెక్క తీసినవారిది కాదు. అంచనాను తీర్పుగా చదివేవారిది.

ఇంకొక విచిత్రం గమనించండి. బరీ పురపాలక ప్రాంతంలో జాతీయ రైల్వేకు చెందిన స్టేషను ఒక్కటి కూడా లేదు. పట్టిక ప్రకారం ఆ ప్రాంతంలో రైలు ప్రయాణికుడే లేడు. కాని బరీ నుండి మాంచెస్టరుకు పట్టాల మీద ప్రతిరోజూ వేలమంది వస్తున్నారు. 1992లో ఆ పాత రైలు మార్గాన్ని మెట్రోలింక్ అనే ట్రాము మార్గంగా మార్చారు. అదే సంవత్సరం ఆల్ట్రిన్‌చం మార్గం కూడా ట్రాముల పరమైంది. పట్టాలు అవే, ఊళ్ళు అవే, జనం వారే. కాని పద్దు మారింది గనుక ఈ పుస్తకంలో వారు కనిపించరు. ఓల్డం పట్టణం కథ కూడా ఇంతే. అక్కడి రైలు మార్గాన్ని 2009లో మూసి, ట్రాము మార్గంగా మార్చి, 2012 నుండి 2014 వరకు దశలవారీగా తెరిచారు.

ఈ ట్రాముల అనుభవమే నా వాదానికి బలమైన సాక్ష్యం. పాత రైలు రోజులలో ఆ మార్గాలు ఎట్లాగో నెట్టుకొస్తున్నవి మాత్రమే. ట్రాములు వచ్చిన తరువాత కొద్ది నిమిషాలకొకటి చొప్పున బండి దొరికింది. నగర వీధులలోనికే వచ్చి దింపడం మొదలుపెట్టింది. జనం పెరిగారు. నేడు 64 మైళ్ళ పొడవున 99 మజిలీలతో విస్తరించిన ఆ ట్రాము వ్యవస్థ 2023-24లో నాలుగు కోట్లకు పైగా ప్రయాణాలు నమోదు చేసింది. ఇంత జనం ఒక్కసారి ఆకాశం నుండి ఊడిపడ్డారా? లేదు. వారు మొదటి నుండీ అక్కడే ఉన్నారు. సాల్ఫర్డ్ క్రెసెంట్ స్టేషను 1987లో తెరువబడింది. అంతకు ముందు దాని పద్దులో ప్రయాణికులు సున్న. కరోనాకు ముందు సంవత్సరాలలో ఏడాదికి 10 లక్షలకు మించి. చెట్టు ముందా విత్తు ముందా అన్నది తేలని ప్రశ్నే కావచ్చు. బండి ముందా ప్రయాణికుడు ముందా అన్న ప్రశ్నకు మాత్రం మాంచెస్టరు చరిత్ర 1830 నుండి ఒకే జవాబు చెబుతూ వచ్చింది.

అయితే ఎదుటి పక్షపు వాదాన్ని కూడా న్యాయంగా వినవలసి ఉంది. ప్రభుత్వ ధనం ప్రజలది. ఖాళీ బండ్లను నడపడం ఆ ధనాన్ని వృథా చేయడమే. 1963లో బ్రిటిషు రైల్వే బోర్డు అధ్యక్షుడు డాక్టర్ రిచర్డ్ బీచింగ్ సమర్పించిన నివేదిక ఈ వాదానికి ప్రసిద్ధమైన ఉదాహరణ. దేశంలోని రైలు మార్గాల పొడవులో మూడవ వంతు మీద జరుగుతున్న ప్రయాణం మొత్తంలో నూటికి ఒక వంతు మాత్రమేనని ఆయన చూపాడు. రెండువేల మూడువందలకు పైగా స్టేషన్లను మూసివేయాలని సిఫారసు చేశాడు. ఆయన మాటలో నిజం లేకపోలేదు. మిల్లులు మూతపడి, గనులు మూతపడి, జనం తరలిపోయిన చోట్ల స్టేషను మాత్రం నిలిచి ఏమి లాభం? ప్రతి స్టేషనునూ శాశ్వతంగా నడపాలని బుద్ధిమంతుడెవడూ అనడు.

కాని ఆ నివేదికకు ఆధారమైన రాకపోకల లెక్క 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం పాటు తీసినదన్న సంగతి మరువరాదు. వేసవి సెలవులలో కిటకిటలాడే సముద్ర తీరపు మార్గాలు ఏప్రిల్ వారంలో వెలవెలబోక ఏమవుతాయి? వారం రోజుల లెక్కతో వందేళ్ళ మార్గాలకు తీర్పు చెప్పారు. ఒకసారి పట్టాలు పెకలించి, భూమిని అమ్మివేసిన తరువాత పొరపాటు తెలిసినా దిద్దుకోవడం కష్టసాధ్యం.

అందుకు మాంచెస్టరులోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఏకఖండమైన విశాలపు కప్పుతో 1880లో వెలసిన సెంట్రల్ స్టేషను 1969లో మూతపడింది. తరువాత దానిని ప్రదర్శనలకు, సభలకు మందిరంగా మార్చారు. 2023 అక్టోబరులో అప్పటి ప్రధాని రిషి సునాక్, లండన్ నుండి మాంచెస్టరు దాకా రావలసిన కొత్త వేగవంతపు రైలు మార్గంలో ఉత్తర భాగాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించినది సరిగ్గా ఆ మందిరంలోనే. పాత రైల్వే స్టేషను కప్పు కింద నిలబడి, రాబోయే రైలును రద్దు చేయడం! విధి విలాసమంటే ఇదేనేమో.

ఇక్కడ మరో వైపు కూడా చూడాలి. లెక్క తక్కువైనందుకు డెంటన్‌కు బండ్లు రాలేదు. లెక్క ఎక్కువైన పికడిల్లీకి మాత్రం కావలసినవన్నీ వచ్చాయా? పికడిల్లీలో ఒక చివర 13, 14 అనే రెండే ప్లాట్‌ఫారాల మీదుగా నగరాన్ని దాటిపోయే బండ్లన్నీ నడవాలి. పికడిల్లీని విక్టోరియాతో భూగర్భ మార్గం ద్వారా కలపాలన్న పథకం 1977లో రద్దయింది. 2017 డిసెంబరులో కొత్త వంతెన మార్గం వేసి రెండింటినీ కలిపారు గాని, దానితోపాటు రావలసిన అదనపు ప్లాట్‌ఫారాలు రాలేదు. 2018 మే నెలలో కాలపట్టిక మార్చగానే ఉత్తర ఇంగ్లండు అంతటా రైళ్ళు అస్తవ్యస్తమైనాయి. అంటే జనం లేరని ఒకచోట, జనం ఉన్నా ధనం లేదని మరొకచోట. అంకె పెద్దదైనా చిన్నదైనా, ఇవ్వదలచుకోని వారికి సాకుగా మారుతున్నదన్నమాట.

ఇంకా ఆ పట్టికలో ఎప్పటికీ కనిపించని వారు ఉన్నారు. ఆ ప్రాంతంలోని అనేక పాత స్టేషన్లలో ప్లాట్‌ఫారం చేరడానికి మెట్లు తప్ప మరో దారి ఏర్పడలేదు. మోకాళ్ళ నొప్పులతో బాధపడే వృద్ధురాలు, చక్రాల కుర్చీలో తిరిగే యువకుడు, పసిబిడ్డను తోపుడు బండిలో పెట్టుకొన్న తల్లి ఆ మెట్ల కింద నిలిచి వెనుదిరిగితే ఏ యంత్రమూ నమోదు చేయదు. మెట్లెక్కి టిక్కెట్టు కొన్నవాడే ప్రయాణికుడు. మెట్లు ఎక్కలేనివాడు పద్దులోనే లేడు. పద్దులో లేనివాడి కోసం లిఫ్టు ఎవరు కట్టిస్తారు? ఇది ఎంత క్రూరమైన వలయమో ఆలోచించండి.

సప్తసముద్రాల ఆవలి స్టేషన్లను గురించి ఈయనకు ఇంత ఆవేదన ఎందుకని మీరు అనుకోవచ్చు. కారణం చెబుతాను. నా బాల్యంలో మా ఊరి నుండి పట్టణానికి ఉదయం ఎనిమిది గంటలకు ఒక బస్సు పోయేది. మా అక్కయ్య, మేము ఆపా అని పిలిచేవారం, ఆ బస్సులోనే జూనియర్ కళాశాలకు పోయేది. పదవ తరగతి ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణురాలైన పిల్ల. ఒక సంవత్సరం ఆ బస్సు వేళను ఉదయం పదిన్నరకు మార్చారు. పదిన్నర బస్సు ఎక్కితే కళాశాలలో సగం పాఠాలు అయిపోతాయి. ఊరిలో చదువుకునే మగపిల్లలు సైకిళ్ళెక్కారు. ఆడపిల్లలు నలుగురూ ఇళ్ళలో కూర్చున్నారు. ఆరు నెలల తరువాత, ప్రయాణికులు చాలడం లేదని ఆ పదిన్నర బస్సు కూడా రద్దయింది. లెక్క సరిగానే ఉన్నది. బస్సు నిజంగానే ఖాళీగా పోయింది. ఆపా బీడీలు చుట్టింది. ఆ బీడీల డబ్బుతో నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివాను. ప్రయాణించినవారి పట్టిక ప్రతి దఫ్తరులోనూ ఉంటుంది. ప్రయాణం మానుకున్నవారి పట్టిక ఏ దఫ్తరులోనూ ఉండదు. డెంటన్ వారి 54 అంకె చదివినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది ఆ ఖాళీ బస్సే.

మాంచెస్టరు ప్రాంతంలో ఇప్పుడు కొంత మార్పు కనిపిస్తున్నది. 2023 సెప్టెంబరు నుండి 2025 జనవరి వరకు అక్కడి బస్సులన్నిటినీ దశలవారీగా తిరిగి ప్రజా నియంత్రణలోకి తెచ్చారు. బస్సులు, ట్రాములు ఒకే పేరుతో, ఒకే రంగుతో, ఒకే వ్యవస్థగా నడుస్తున్నాయి. 2028 నాటికి ఎనిమిది స్థానిక రైలు మార్గాలను కూడా అందులో చేర్చాలని సంకల్పించారు. ఇది స్వాగతింపదగినది. ఏ మార్గంలో లాభం వచ్చింది అని మాత్రమే కాక, ఏ పేటలోని మనిషి ఎక్కడికి పోలేకపోతున్నాడు అని అడిగే వ్యవస్థ అక్కడ ఏర్పడితే, డెంటన్ వంటి పట్టణాలకు కూడా మేలు జరుగుతుందని ఆశించవచ్చు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు అధికారులవుతారు. పద్దులు మీ చేతికి వస్తాయి. ఒక సౌకర్యాన్ని తక్కువ మంది వాడుతున్నారని మీ ముందుకు కాగితం వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఆ సౌకర్యం జనానికి అనువైన వేళలో, అనువైన రీతిలో ఉన్నదా? ఈ లెక్కలోకి రానివారు ఎవరు? మంచి సౌకర్యం కొంతకాలం కల్పించి, ఆ తరువాత లెక్క తీశామా? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాత కూడా అంకె చిన్నదిగానే మిగిలితే, అప్పుడు నిస్సంకోచంగా మూసివేయండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు.

పాలక సంఘం పెద్దలకు కూడా ఇదే నా సవినయ మనవి. మన పఠనమందిరాన్ని సాయంకాలం తెరచి ఉంచడం అనవసరమని, హాజరు పట్టీలో ఏడెనిమిది సంతకాలకు మించడం లేదని ఇటీవల చర్చ జరిగింది. సంతకాలు ఏడెనిమిదే, కాదనను. కాని పఠనమందిరం సాయంకాలపు వేళ మొదలయ్యేది అయిదు గంటలకు. మన కళాశాల బస్సు బయలుదేరేది నాలుగున్నరకు. బస్సులో పోయే పిల్లలలో, ముఖ్యంగా ఆడపిల్లలలో, పుస్తకం మీద ఆసక్తి లేదని ఆ పట్టీ చెప్పడం లేదు. బస్సు ముందే పోయిందని మాత్రమే చెబుతున్నది. వచ్చే విద్యా సంవత్సరంలో ఒక్క ఆరు నెలలు బస్సును ఆరున్నరకు పంపి చూడండి. ఆ తరువాత ఆ పట్టీని తెప్పించుకొని చూడండి.